కుక్కల బండి నుంచి శస్త్రచికిత్స బల్ల దాకా



కుక్క కరిచిందంటూ వచ్చిన ప్రతి రోగినీ వైద్యుడు అడగవలసిన ప్రశ్నలు నాలుగున్నాయి. ఎప్పుడు కరిచింది? ఎక్కడ కరిచింది? గాయాన్ని సబ్బుతో కడిగారా? కరిచిన కుక్క బతికే ఉందా? గోదావరి జిల్లాల ప్రభుత్వాసుపత్రులలో పనిచేసిన మూడు దశాబ్దాలలో ఈ ప్రశ్నలను కొన్ని వేల సార్లు అడిగి ఉంటాను. ఐదవ ప్రశ్న ఒకటి ఉందని మాత్రం పదవీ విరమణకు కొద్దికాలం ముందు వరకు నాకు తోచలేదు. ఆ కుక్క ఎక్కడ పుట్టింది?

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక లంక గ్రామం నుంచి ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి పడవ మీద రేవు దాటించి తీసుకొచ్చారు. మంచినీళ్ల గ్లాసు దగ్గరకు తేగానే వాడి గొంతు కండరాలు బిగుసుకుపోయాయి. విసనకర్ర గాలి తగిలినా ఉలిక్కిపడుతున్నాడు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. నన్ను "డాక్టరుగారూ" అని పిలిచాడు. జలభయం అని గుర్తించడానికి పుస్తకం తిరగేయనక్కరలేదు. వాడి తండ్రి చెప్పిన మాట ఇది: "కుక్కపిల్లేనండి. ఎవరి కుక్కో ఈనితే పిల్లల్ని గోనెసంచిలో పెట్టి కాలవగట్టున వదిలేశారండి. వాటిలో ఒకదాన్ని వీడు ఎత్తుకొచ్చాడు. పన్ను గీరుకుందంతే, పసుపు పెట్టామండి." ఆ కుక్కపిల్ల వారం తిరగకుండానే చచ్చిపోయిందట. మూడవ రోజున పిల్లవాడు కూడా పోయాడు.

ఆ తండ్రి నా ఐదవ ప్రశ్నకు నేను అడగకుండానే జవాబు చెప్పాడు. నేనే దానిని వినలేదు. ఈ వ్యాసం ఆ జవాబును ఆలస్యంగానైనా విన్న వైద్యుడు రాస్తున్నది.

ఆదికవి చెప్పిన కుక్క కథ

మన రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుని ఆస్థానంలో, పదకొండవ శతాబ్దంలో నన్నయ భట్టారకుడు మహాభారతాన్ని తెనిగించడం మొదలుపెట్టాడు. ఆదిపర్వంలో కథ ఆరంభమైన కొద్దిసేపటికే ఒక కుక్కపిల్ల కనిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ అనే దేవశుని కొడుకు ఆడుకుంటూ వెళ్తాడు. రాజు తమ్ముళ్లు వాణ్ణి నిష్కారణంగా కొడతారు. సరమ వచ్చి రాజునే నిలదీస్తుంది. ఆలోచన లేకుండా సాధువులకు కీడు చేసేవారికి అనుకోని భయాలు వచ్చి పడతాయని హెచ్చరిస్తుంది. భారతం చివరన స్వర్గద్వారం దాకా ధర్మరాజు వెంట నడిచినది కూడా కుక్కే.

భక్తి కోసం ఈ కథను తలచుకోవడం లేదు. వెయ్యేళ్లుగా ఈ డెల్టాలో కుక్క మన వాకిట్లో ఉంది. దానిని ఏం చేయాలన్న చిక్కు కూడా అన్నేళ్లుగా ఉందని గుర్తు చేయడానికే చెబుతున్నాను. మిగిలిన అన్నం పెట్టేది మనమే, రాయి విసిరేదీ మనమే. ఆలోచన లేని క్రూరత్వం, ఆలోచన లేని జాలి రెండూ చివరకు "అనుకోని భయాల" దగ్గరికే చేరుస్తాయని వైద్యుడిగా నా అనుభవం.

కూనూరు ప్రయాణం

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు రేబిస్ టీకా ఇచ్చాడు. అంతకు పూర్వం పిచ్చికుక్క కాటుకు కాల్చిన ఇనుముతో వాత, పసరు, మంత్రం తప్ప ప్రపంచంలో ఎక్కడా మందు లేదు. మన దేశంలో మొదటి పాశ్చర్ సంస్థ 1900లో హిమాలయ ప్రాంతంలోని కసౌలీలో వెలసింది. దక్షిణాది వారికి అది చాలా దూరం. నీలగిరులలోని కూనూరులో 1907లో మరొక పాశ్చర్ సంస్థ తెరిచాకే మద్రాసు రాజధాని ప్రజలకు కొంత దారి దొరికింది.

నాటి గోదావరి జిల్లా రోగికి ఆ దారి ఎంత పొడవో ఊహించండి. రాజమండ్రి వద్ద హేవలాక్ వంతెన 1900లో అందుబాటులోకి వచ్చింది గనుక రైలు గోదావరి దాటుతుంది. బెజవాడ మీదుగా మద్రాసు, అక్కడినుంచి మేట్టుపాళయం, ఆపైన కొండ రైలు. అప్పట్లో చికిత్స అంటే రెండు వారాలకు పైగా అక్కడే ఉండడం. కూలి చేసుకునే కుటుంబం ఒక పిల్లవాడి కోసం ఇంత ప్రయాణం చేయగలదా? చేయలేనివారు ఊళ్లోనే పసరు మందు తాగి ఎదురుచూశారు.

1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడు కణజాలంతో, కార్బాలిక్ ఆమ్లంతో నిర్వీర్యం చేసిన టీకాను తయారుచేశాడు. దీనిని సీసాలలో దూరపు ఊళ్లకు పంపవచ్చు. నా తరం వారందరికీ గుర్తున్న "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" ఇవే. నేనే స్వయంగా ఎంతోమందికి వేశాను. బాధాకరమైన టీకా, అరుదుగానైనా దానివల్లే నాడీమండలం దెబ్బతిని కాళ్లు చచ్చుపడే ప్రమాదం ఉండేది. కణ వర్ధనంతో తయారయ్యే సురక్షితమైన టీకాలు వచ్చాక కూడా ధర కారణంగా పాత టీకా చాలాకాలం కొనసాగింది. మన దేశంలో దాని వాడకం 2004 చివరికి గాని ఆగలేదు. 2006లో చర్మంలోకి కొద్ది మోతాదుగా ఇచ్చే పద్ధతికి అనుమతి రావడంతో ఖర్చు బాగా తగ్గింది.

ఈ చరిత్ర అంతా కాటు తరువాతి చరిత్ర. కాటుకు ముందు ఏం జరిగిందో ఇక చూద్దాం.

కుక్కల బండి

వీధికుక్కలను పట్టి చంపే పద్ధతిని మద్రాసు నగరంలో బ్రిటిష్ పాలకులు 1860లో ప్రారంభించారు. రాజధాని నగరం చేసినదానినే జిల్లా పట్టణాలు అనుసరించాయి. నా బాల్యంలో, అంటే 1950ల చివర, గోదావరి ఒడ్డున మేమున్న పట్టణంలో కుక్కల బండి వస్తోందంటే వీధిలో పిల్లలంతా పరుగెత్తేవాళ్లం. మెడలో పురపాలక సంఘం బిళ్ళ లేని కుక్కను ఇనుప చట్రంతో మెడ బిగించి బండిలోకి ఎత్తేవారు. కొన్నిచోట్ల మాంసం ముద్దలో విషం కలిపి పెట్టేవారు. కాళ్లు కొట్టుకుంటూ చచ్చే కుక్కను చూసిన పిల్లవాడు దానిని జన్మంతా మరచిపోడు. బండి వచ్చిన ప్రతిసారీ మా పెరట్లో గడ్డివాము వెనుక రెండు మూడు కుక్కలు దాక్కొని ఉండేవి, దాచినది మేమే.

ఇంత చేసినా కుక్కలు తగ్గాయా? మద్రాసు అనుభవమే దీనికి జవాబు. అక్కడి బ్లూక్రాస్ సంస్థ వారు చెప్పిన లెక్క ప్రకారం 1996 నాటికి నగరపాలక సంస్థ రోజుకు 135 కుక్కలను చంపుతోంది. నూట ముప్పై ఏళ్లకు పైగా చంపినా ఇంకా రోజుకు అన్ని దొరుకుతున్నాయంటే, ఆ పద్ధతి వల్ల ఒరిగిందేమిటో వేరే చెప్పాలా?

ఎందుకు తగ్గవో వైద్యశాస్త్రం, జీవశాస్త్రం కలిసి వివరిస్తాయి. ఒక వీధిలో ఎన్ని కుక్కలు బతకగలవో నిర్ణయించేది ఆ వీధిలోని తిండి. చికెన్ దుకాణాల వ్యర్థాలు, చేపల మార్కెట్టు, కల్యాణ మండపాల వెనుక పారేసిన విస్తళ్లు ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి పక్క వీధి కుక్కలు వస్తాయి. మిగిలిన ఆడకుక్కల పిల్లలకు తిండి ఎక్కువ దొరికి ఎక్కువ బతుకుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, మనుషులకు అలవాటుపడిన సాధు కుక్కలే ముందుగా బండికి చిక్కుతాయి. టీకా వేసిన కుక్క కూడా వాటితోపాటే పోతుంది. రేబిస్‌కు అడ్డుగోడ కట్టవలసిన చోట మనమే గోడ కూలుస్తున్నామన్నమాట.

ఎ.బి.సి. పుట్టుక

చెన్నైలో 1959లో ఏర్పడిన బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా 1964లోనే ఒక ప్రత్యామ్నాయాన్ని సూచించింది. కుక్కను పట్టి, గర్భనిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, తిరిగి అదే వీధిలో వదలడం. యానిమల్ బర్త్ కంట్రోల్ అన్న పేరును కుదించి ఎ.బి.సి. అన్నారు, అక్షరమాల నేర్చినంత సులువని ఆ పేరులోని చమత్కారం. ఆ సులువైన పాఠాన్ని మద్రాసు నగరపాలక సంస్థ అంగీకరించడానికి 1990ల మధ్య వరకు పట్టింది.

జైపూర్‌లో హెల్ప్ ఇన్ సఫరింగ్ అనే సంస్థ 1994లో ఇదే పని మొదలుపెట్టింది. దాని ఫలితాలను 2006లో వైద్య పత్రికలో ప్రచురించారు. కార్యక్రమం జరిగిన ప్రాంతంలో కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. అక్కడ మనుషులలో రేబిస్ కేసులు సున్నాకు చేరాయి. కార్యక్రమం జరగని మిగతా నగరంలో మాత్రం పెరిగాయి. ఒకే ఊరు, ఒకే కాలం, రెండు ఫలితాలు. నావంటి వైద్యుణ్ణి ఒప్పించడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

మన తెలుగునాట 1992లో శ్రీమతి అక్కినేని అమల స్థాపించిన హైదరాబాద్ బ్లూక్రాస్, 1996లో శ్రీ ప్రదీప్ కుమార్ నాథ్ ప్రారంభించిన విశాఖ జంతు సంరక్షణ సంస్థ ఈ బాటలో ముందు నడిచాయి. 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం కింద 2001 డిసెంబరులో కేంద్రం ఎ.బి.సి. నియమావళిని ప్రకటించడంతో చంపడం ఆగి, శస్త్రచికిత్స చేయడం స్థానిక సంస్థల విధిగా మారింది. 2023 మార్చిలో దానిస్థానంలో కొత్త నియమావళి వచ్చింది. చట్టం చేతిలో ఉంది. ఆపరేషన్ బల్ల, మత్తుమందు, పశువైద్యుడు, కుక్కలను ఉంచే గదులు, వీటికి డబ్బు మాత్రం అన్ని ఊళ్లలో లేదు. చంపడం మానేసి, శస్త్రచికిత్స మొదలుపెట్టని పట్టణాలలో కుక్కలు పెరిగాయంటే ఆ తప్పు పద్ధతిది కాదు, సగంలో ఆగిన మనది.

ఖర్చు అన్న అసలు ప్రశ్న

ఈ శస్త్రచికిత్స మన రైతుకు కొత్త కాదు. కోడెకు విత్తులు కొట్టించి ఎద్దుగా మార్చి కాడికి కట్టడం తాతల నాటి ఆచారం. తరువాత బర్డిజో పట్టకారు వచ్చి, కోత లేకుండా పశువుల ఆస్పత్రిలోనే ఆ పని జరిగిపోతోంది. ఎద్దు మనకు పనికి వస్తుంది గనుక ఆ ఖర్చు ఖర్చనిపించలేదు. కుక్క దగ్గరికి వచ్చేసరికి "ఎవరు పెడతారు?" అన్న ప్రశ్న పుడుతుంది. పైగా ఆడకుక్కకు చేసేది పొట్ట తెరిచి అండాశయాలు, గర్భాశయం తీసే పెద్ద ఆపరేషన్. ప్రైవేటు క్లినిక్కులో వేల రూపాయల మాట.

అమెరికాలో కూడా ఇదే చిక్కు వచ్చింది. ఆశ్రయాలలో ఏటా లక్షలాది కుక్కలను, పిల్లులను చంపుతున్న రోజులలో, 1957లో ఏలిస్ హెరింగ్టన్ అనే మహిళ ఫ్రెండ్స్ ఆఫ్ యానిమల్స్ సంస్థను స్థాపించి తక్కువ ధరకు శస్త్రచికిత్స చేయించే ఏర్పాటు మొదలుపెట్టింది. 1971లో లాస్ ఏంజెలిస్ నగరం ప్రభుత్వ సొమ్ముతో చవక క్లినిక్కును తెరిచింది. చంపడానికి, పూడ్చడానికి అయ్యే ఖర్చుకన్న పుట్టకుండా ఆపే ఖర్చు తక్కువని అక్కడి పాలకులు లెక్క వేసుకున్నారు. మన లెక్కలో ఇంకొక పద్దు కూడా చేరుతుంది: ప్రతి కాటుకూ ప్రభుత్వం భరించే టీకా, సీరం, రోగి పోగొట్టుకునే కూలి.

మన ఊళ్లలో చవక శస్త్రచికిత్స ఎవరికి కావాలో కూడా చెప్పాలి. వీధికుక్కల కోసం మాత్రమే కాదు. పెరట్లో కట్టేసి, రాత్రి విడిచిపెట్టే ఇంటి కుక్కలు ఎన్నో. అవి ఏడాదికి సాధారణంగా రెండుసార్లు ఎదకు వస్తాయి. సుమారు 63 రోజులకు నాలుగైదు పిల్లలను పెడతాయి. మగపిల్లలను ఎవరైనా అడిగి తీసుకెళ్తారు. ఆడపిల్లలను గోనెసంచిలో పెట్టి కాలవగట్టు దారి పట్టిస్తారు. ఆ గట్టు మీద బతికిన ఒక్క ఆడకుక్క చాలు, మరుసటి ఏడాదికి మళ్లీ అదే కథ.

ఒక జంట నుంచి ఆరేళ్లలో 67 వేల కుక్కలు పుడతాయనే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. దానిని నమ్మకండి. వీధిలో పుట్టిన పిల్లలలో ఎక్కువ భాగం ఏడాది నిండకుండానే ఆకలికి, జబ్బులకు, చక్రాల కింద చనిపోతాయి. ఆ చావులే అసలు దుఃఖం. మంచి పనికి అబద్ధపు అంకెల సాయం అవసరం లేదు.

మనుషుల శిబిరాలు నేర్పిన పాఠం

1952లో ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రపంచంలోనే మొదట చేపట్టిన దేశం మనది. మనిషికి, జంతువుకు పోలిక తేవడం నా ఉద్దేశం కాదు. మనిషి తన సమ్మతితో చేయించుకునేది, కుక్క తరఫున మనం నిర్ణయించేది. శిబిరం నడపడంలోని కష్టసుఖాలు మాత్రం ఒకటే. 1971లో కేరళలోని ఎర్నాకుళంలో ఒకే శిబిరంలో అరవై వేలకు పైగా వేసెక్టమీలు జరిగాయి. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77లో, దేశమంతటా 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో బలవంతం ఎంతో మనకు తెలుసు. ప్రజల నమ్మకం తిరిగి సంపాదించడానికి మా తరం ఆరోగ్య సిబ్బంది ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరంలో కొద్ది గంటలలో ఎనభైకి పైగా ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా తల్లులు ప్రాణాలు కోల్పోయారు.

నేను కూడా శిబిరాలలో ట్యూబెక్టమీలు చేశాను. సాయంత్రానికి లక్ష్యం ఎంత మిగిలిందని ఫోను వచ్చినప్పుడు చేయి ఎలా తొందరపడుతుందో నాకు తెలుసు. అందుకే కుక్కల శస్త్రచికిత్సలలో సంఖ్య మాత్రమే అడిగే అధికారులకు నా మనవి ఒకటి: పరికరాలు మరిగించారా, కుట్లు మానేవరకు ఉంచారా, పట్టిన వీధిలోనే వదిలారా అని కూడా అడగండి. చవక అంటే ధర తగ్గాలి, శుభ్రత తగ్గకూడదు. కుట్లు విడిపోయి వీధిలో తిరిగే ఒక్క కుక్కను చూస్తే చాలు, ఊరు ఊరంతా మరుసటి శిబిరానికి తలుపు మూసేస్తుంది.

ఈనాటి లెక్క

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లు. భారత వైద్య పరిశోధన మండలి 2022–23లో జరిపిన సర్వే ఆధారంగా ఏటా జంతువుల కాట్లు 91 లక్షలు, రేబిస్ మరణాలు 5,726 అని అంచనా వేశారు. 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్ మరణాలను సున్నా చేయాలని జాతీయ ప్రణాళిక 2021లో లక్ష్యం పెట్టుకుంది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల వీధికుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించమని ఆదేశించినప్పుడు దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సవరించి, రేబిస్ సోకినవి, దాడి స్వభావం గలవి తప్ప మిగిలిన వాటికి శస్త్రచికిత్స, టీకా చేసి తిరిగి వదలాలని చెప్పింది. అరవై ఏళ్ల క్రితం చెన్నైలో కొందరు చెప్పిన మాటే మళ్లీ మన ముందుకు వచ్చింది.

ఆ మాట ఫలించడానికి ఒక షరతు ఉంది. ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి కొద్దికాలంలోనే టీకా పడాలి. ఆడకుక్కలలో అత్యధిక భాగానికి ఆపరేషన్ జరగాలి. ఏడాదికి పదో పాతికో చేసి ఫొటో తీసుకుంటే పుట్టేవే గెలుస్తాయి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షలాది యాత్రికులు, వారితోపాటు కొండలుగా విస్తళ్లు. ఘాట్లకు రంగులు వేయడం ఎంత అవసరమో, ఆ రేవుల చుట్టూ ఉన్న వార్డులలో శస్త్రచికిత్సలు, టీకాలు ముందుగానే పూర్తి చేయడమూ అంతే అవసరం. పుష్కరాల ముందురోజు కుక్కలను లారీలలో ఎక్కించి పొరుగూరి పొలిమేరలో దింపడం నివారణ కాదు, వ్యాధిని పంచడం.

ఇక మన ఇళ్ల సంగతి. పెంచే కుక్కకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి, ఏటా మరువకండి. పిల్లలు వద్దనుకుంటే సుమారు ఆరు నెలల వయసులో, తొలి ఎదకు ముందే, ఆడకుక్కకు ఆపరేషన్ చేయించడం గురించి పశువైద్యుణ్ణి సంప్రదించండి. దానివల్ల గర్భాశయంలో చీము పట్టే ప్రాణాంతక వ్యాధి తప్పుతుంది, రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది. మీ పట్టణంలో చవక శిబిరం లేకపోతే వార్డు సభ్యుణ్ణి అడగండి. పదిమంది కలిసి అడిగితే అది కోరిక కాదు, అర్జీ అవుతుంది. వీధికుక్క చెవి అంచున చిన్న గాటు కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిందని గుర్తు. దానిని తరమకండి, మీ వీధికి అది కాపలా.

కుక్క గాని, కుక్కపిల్ల గాని కరిచినా, గోరు గీరినా, పుండును నాకినా, గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. పసుపు, సున్నం, కారం, పసరు ఏదీ పెట్టకండి. వైద్యుడు చెప్పిన అన్ని తేదీలకూ టీకా పూర్తి చేయండి. గాయం నుంచి రక్తం వచ్చి ఉంటే సీరం అవసరమా అని మీరే అడగండి.

ఆనాటి లంక గ్రామపు పిల్లవాడు బతికి ఉంటే ఇవాళ యాభై దాటి ఉండేవాడు. కాలవగట్టున గోనెసంచి విప్పినవాళ్లెవరో క్రూరులు కారు. తమ కుక్కకు ఆపరేషన్ చేయించవచ్చని వారికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా చేసే చోటు లేదు, ఉన్నా డబ్బు లేదు. ఆ మూడింటిలో మొదటిది నాచేతనైన పని గనుక ఈనాడు చేశాను. మిగిలిన రెండూ మనందరం కలిసి చేయవలసినవి.